పాఠక నిశ్చితార్థం

సముద్ర సమాచార ప్రసార సంస్థలో సీనియర్ అసిస్టెంటు మైలపల్లి నూకరత్నం చేసిన తప్పు ఒక్కటే. అడిగినదానికి జవాబు చెప్పింది. ఇరవై రెండేళ్లు సర్కారు కొలువు చేసిన మనిషికి ఈపాటి లౌక్యం వంటబట్టలేదేమా అని తర్వాత చాలామంది పెద్దలు బాధపడ్డారు.

నూకరత్నం పుట్టి పెరిగింది జిల్లా కేంద్రానికి తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్న కొత్తరేవులో. ఆమెకు పదేళ్లప్పుడు తండ్రి ఒక సాయంత్రం వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ పూట రేడియో చెప్పకపోలేదు. కాకపోతే కోస్తా మొత్తానికీ కలిపి, వార్తల చివర, గ్రాంథికంలో చెప్పింది. 'ఈదురుగాలులు వీచు సూచనలు గలవు' అన్నది విని, గలవు కాబోలు అనుకుని ఆయన పడవ దింపాడు. అప్పటినుంచీ మెలికలు తిరిగిన వాక్యం కనపడితే నూకరత్నానికి ఒళ్లు మంట.

సంస్థకు వెబ్‌సైట్ పెట్టినప్పుడు అందులో ఒక బ్లాగు కూడా ఉండాలన్నారు. రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందరూ తలా ఒక అడుగు వెనక్కి వేసేసరికి కదలకుండా నిలబడ్డ నూకరత్నం ముందుకు వచ్చినట్టయింది. ఆమె దానికి 'రేవు కబురు' అని పేరు పెట్టి, తెరవగానే మూడే మూడు మాటలు కనపడేట్టు చేసింది. వెళ్లొచ్చా? ధరెంత? ఎవరికి చెప్పాలి? మొదటిదాన్ని వేలితో తాకితే పేజీ నిండా పెద్ద అక్షరాల్లో 'వెళ్లండి' అనో 'వద్దు' అనో వచ్చేది. దాని కింద ఎందుకో రెండు ముక్కలుండేవి. రెండోది తాకితే ఆనాటి చేపల ధర. మూడోది తాకితే ఆపదలో పిలవాల్సిన నంబర్లు. అంతే.

కొత్తరేవు జాలర్లు రోజూ మధ్యాహ్నం మూడున్నరకు, పడవలు దింపే ముందు, తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఫోను తీసేవాళ్లు. ఒకసారి తాకి, చూసి, మళ్లీ పాలిథిన్ సంచిలో చుట్టి మొలలో దోపుకునేవాళ్లు. నూకరత్నం మేనమామ లోవరాజుకు చదువు అంతంతమాత్రం. అయినా 'వద్దు' అన్న రెండక్షరాలు ఎక్కడున్నా గుర్తుపట్టేవాడు. రెండేళ్లుగా ఆ రేవులో గాలివానకు ఒక్క పడవ కూడా పోలేదు. దీన్ని ఎవరూ గమనించలేదు, ఎందుకంటే పోని పడవకు ఫైలు ఉండదు.

ఇంతలో సంస్థ డైరెక్టర్ చక్రధర్ గారు రాజధానిలో రెండు రోజుల శిక్షణకు వెళ్లి మూడో రోజున కొత్త మనిషిగా తిరిగొచ్చారు. అక్కడ ఆయనకు 'ఎంగేజ్‌మెంట్' అనే మాట దొరికింది. పాఠకుడు వెబ్‌సైట్‌లో ఎంతసేపు ఉంటే సంస్థకు అంత గొప్పట. నావిగేషన్ సులభంగా ఉండి, కావలసింది తేలిగ్గా దొరికితే పాఠకుడు మళ్లీ మళ్లీ వస్తాడని కూడా అక్కడ చెప్పారట గానీ, సరిగ్గా ఆ ముక్క చెప్పేటప్పుడు టీ వచ్చింది.

వచ్చిన మర్నాడే సమీక్షా సమావేశం పెట్టారు. గోడ మీద తెర వేసి అంకెలు చూపించారు. పక్క భవనంలోని సంస్థ వెబ్‌సైట్‌లో పాఠకుడు సగటున నాలుగు నిమిషాల పది సెకన్లు ఉంటున్నాడు. మన బ్లాగులో పదకొండు సెకన్లు. ఆ అంకె తెర మీదికి రాగానే ఎవరో పోయినట్టు హాల్లో అందరూ తలలు దించుకున్నారు. పక్క సంస్థ వెబ్‌సైట్ తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు పడుతుందని నూకరత్నానికి తెలుసు. చెప్పే సందు దొరకలేదు.

"పదకొండు సెకన్లు," అన్నారు డైరెక్టర్ గారు, చాలా బాధగా. "పాఠకుడు గుమ్మం దాకా వచ్చి, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోతున్నాడు. ఎందుకు వెళ్లిపోతున్నాడు?"

నూకరత్నం లేచి నిలబడింది. "కావలసింది దొరుకుతోంది కదండీ, అందుకని వెళ్లిపోతున్నారు."

"అదేనమ్మా మన లోపం. దొరికిపోతోంది. దొరికిపోయాక ఇక మనతో అతనికి పనేముంది?"

హాల్లో ఉన్నవాళ్లందరూ ఆ మాట డైరీల్లో రాసుకున్నారు. నూకరత్నం తన డైరీలో ఏమీ రాసుకోలేదని పక్క సీటు ఆయన గమనించి, తర్వాత అవసరం పడితే ఉంటుందని ఆ సంగతి కూడా రాసుకున్నాడు.

ఉపసంఘం వేశారు. ఫైలు నడవాలంటే తెలుగులో ఉండాలన్నది నియమం కాబట్టి ఇంగ్లిష్ మాటలన్నీ భాషాధికారి సోమసుందరం గారి బల్ల మీదికి వెళ్లాయి. సోమసుందరం గారు నిష్ఠాపరులు. ఆమోదించిన నిఘంటువులో లేని మాట ఆయన కలంలోంచి ఇంతవరకూ రాలేదు. ఆయన అట్ట ఊడిన నిఘంటువు తీసి, వేలు తడి చేసుకుని, పేజీలు తిప్పి, 'నావిగేషన్' పక్కన 'నౌకాయానం' అని రాశారు. సముద్రం ఆఫీసు ఫైలులో నౌకాయానం ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. అసలు ఇన్నాళ్లూ లేకపోవడమే వింత అన్నారు కొందరు. తర్వాత 'ఎంగేజ్‌మెంట్' పక్కన 'నిశ్చితార్థం' అని రాశారు.

నూకరత్నం ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లింది. ఇక్కడ ఆ మాటకు అర్థం అది కాదని, చదివేవాడి మనసు నిలపడమని మర్యాదగానే చెప్పి చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, అర్థం అనేది మనం చెప్పుకునేది కాదు. ఆమోదం పొందేది. మీరు చెప్పినదానికి ఉత్తర్వు ఉందా?"

ఉత్తర్వు లేదు. నిశ్చితార్థం ఖాయమైంది. పది రోజుల్లో 'పాఠక నిశ్చితార్థ సాధనకై సులభ నౌకాయాన పథకం' అనే పేరుతో ఉత్తర్వు నంబరుతో సహా వెలువడింది.

మొదట మూడు మాటలున్న చోట నలభై రెండు మాటల మెనూ పెట్టారు. సంస్థలో నలభై రెండు విభాగాలున్నాయి మరి, ఒకరిని పెట్టి ఒకరిని మానేస్తే అలకలు. 'వెళ్లొచ్చా?' అన్నది ప్రశ్నలా ఉందని, ప్రభుత్వం ప్రశ్నించదు, ప్రకటిస్తుంది అని దాన్ని తీసేశారు. ఇప్పుడు వేటకు వెళ్లొచ్చో లేదో తెలియాలంటే 'సంస్థ పరిచయం' దగ్గర మొదలుపెట్టి, డైరెక్టర్ గారి సందేశం దాటి, సంస్థ ఆవిర్భావ చరిత్ర దాటి, 'సాగర విజ్ఞాన వాహిని'లో దిగి, అందులో 'వాతావరణ విషయక విశేషాలు' అనే చోట ఎడమకు తిరిగి, తొమ్మిదో పేజీకి చేరుకోవాలి. డైరెక్టర్ గారి సందేశం వీడియోగా ఉంది. దాన్ని ముందుకు జరపడానికి వీల్లేదు.

సగటు పదకొండు సెకన్ల నుంచి ఆరు నిమిషాలకు ఎగబాకింది. ఆఫీసులో లడ్డూలు పంచారు.

అప్పుడు న్యాయ విభాగం వారికి మెలకువ వచ్చింది. నిశ్చితార్థం అన్నాక చట్టం ఉంటుందని వాళ్లు నోటు పెట్టారు. వయసు చూడకుండా నిశ్చితార్థం చేసుకుంటే రేపు ఎవరు జవాబుదారీ? దాంతో తెరవగానే వయసు అడిగే పత్రం పెట్టారు. మగ పాఠకులకు ఇరవై ఒకటి, ఆడ పాఠకులకు పద్దెనిమిది. ఆ తర్వాత 'పాఠకుడికి ఇదివరకే వేరే వెబ్‌సైట్‌తో నిశ్చితార్థం జరిగి ఉన్నదా?' అని ఒక ప్రశ్న. అవునంటే కారణాలు తెలపాలి. కాదంటే ప్రమాణం చేయాలి. అన్నీ పూర్తయ్యాక శుభాకాంక్షలు చెబుతూ ఇంట్లో ఇంకొకరి ఫోనుకు సందేశం వెళుతుంది. అది ప్రజాసంబంధాల విభాగం వారి సరదా.

లోవరాజు ఆ పత్రం ఎలా నింపాడో అతనికే తెలియదు. మర్నాడు ఉదయం పదింటికి అతని భార్య ఎల్లయమ్మ, ఖాళీ చేపల బుట్ట చంకలో పెట్టుకుని, సరాసరి ఆఫీసుకు వచ్చింది. నూకరత్నం బల్ల ముందు నిలబడి ఫోను చాపింది. అందులో 'శ్రీ లోవరాజు గారికి మా సంస్థతో నిశ్చితార్థం జరిగిన శుభ సందర్భంలో మీ కుటుంబానికి హృదయపూర్వక అభినందనలు' అని ఉంది. పక్కింటి పిల్ల చదివి వినిపించిందట.

"ఎవర్తే ఆ సంస్థ?" అంది ఎల్లయమ్మ. "ఎక్కడుంటదది? ఇద్దరు మనవలున్న ముసలోడికి నిశ్చితార్థమేటే రత్నం?"

"సంస్థంటే మా ఆఫీసే అత్తా. నీ బుట్ట దించి కూచో, చెబుతాను."

చెప్పడానికి అరగంట పట్టింది. విన్నాక ఎల్లయమ్మ మేనకోడలి మొహంలోకి చూసి, "మీ వోళ్లందరూ బాగా సదువుకున్నోళ్లేనా?" అని అడిగింది. నూకరత్నానికి సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో ఆఫీసు పట్ల కోపం వచ్చిన రోజులున్నాయి, విసుగు వచ్చిన రోజులున్నాయి, సిగ్గేయడం మాత్రం అదే మొదలు.

వచ్చేవాళ్ల సంగతి అలా చక్కబడ్డాక ఉపసంఘం వెళ్లేవాళ్ల మీద పడింది. కుదిరిన నిశ్చితార్థాన్ని చెప్పాపెట్టకుండా వదిలేసి పోవడం మర్యాదస్తుల లక్షణం కాదని ఒక సభ్యుడు గొంతు పగిలిపోయేట్టు మాట్లాడాడు. ఆయన ఇంట్లో ఈమధ్యనే ఒక సంబంధం తప్పిపోయిందని తర్వాత తెలిసింది. ఆ ఆవేశంలోంచి 'నిశ్చితార్థ రద్దు దరఖాస్తు' పుట్టింది. వెబ్‌సైట్ వదిలి వెళ్లదలచిన పాఠకుడు కారణం రాసి, ఇద్దరు సాక్షుల పేర్లిచ్చి, సందేహాలుంటే సహాయవాణికి ఫోన్ చేయాలి. దరఖాస్తు ఆమోదం పొందేదాకా పేజీ వదలదు.

నౌకాయానం ఉంది కనుక ఫైలు అభిప్రాయం కోసం ఓడరేవుకు కూడా వెళ్లింది. అక్కడ ముప్పై ఏళ్లు ఓడలకు దారి చూపి రిటైరైన కెప్టెన్ ఇమ్మానుయేలును సలహాదారుగా పెట్టుకుని ఉన్నారు. ఆయన తలా తోకా తెలియక స్వయంగా వచ్చి, నూకరత్నం బల్ల దగ్గర కూర్చుని వెబ్‌సైట్ మొత్తం చూశారు. చివరికి, "రేవు ఎక్కడమ్మా ఇందులో?" అని మాత్రం అడిగారు. తొమ్మిదో పేజీలో ఉందని ఆమె చెప్పింది. ఆయన నిట్టూర్చి ఫైలు మీద ఎర్ర సిరాతో ఇలా రాశారు: 'ఓడ చేరవలసిన చోటికి తొందరగా చేరడాన్ని మేము నౌకాయానం అంటాం. కదలకుండా కట్టిపడేయడాన్ని లంగరు అంటాం.'

ఉపసంఘం ఆ అభిప్రాయాన్ని కృతజ్ఞతతో స్వీకరించింది. ఇంత మంచి ఆలోచన తమకు ముందే రాలేదేమా అని నొచ్చుకుంది. ప్రతి మూడో పేజీలో ఒక లంగరు బొమ్మ పెట్టారు. అది వచ్చినప్పుడల్లా తెర మూడు నిమిషాలు బిగుసుకుపోతుంది. సగటు పద్దెనిమిది నిమిషాలకు చేరింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

కార్తికం మొదట్లో ఒక మధ్యాహ్నం మూడింటికి వాతావరణ కేంద్రం నుంచి కబురు వచ్చింది. రాత్రిలోగా కొత్తరేవు మీదికి గాలివాన. అప్పటికి ఆకాశం అద్దంలా ఉంది. అలాంటి ఆకాశమే మనుషుల్ని మోసం చేస్తుందని నూకరత్నానికి పదేళ్ల వయసునుంచీ తెలుసు. ఆమె తొమ్మిదో పేజీలో 'వద్దు' అని పెట్టి గడియారం చూసింది. అరగంటలో పడవలు దిగుతాయి. తొమ్మిదో పేజీకి చేరేలోపు సగంమంది విసిగి, ఏం కాదులే అని వెళ్లిపోతారు. వాళ్లలో మావయ్య ముందుంటాడు. మేనమామకు ఓపిక తక్కువన్నది ఊరందరికీ తెలిసిన సంగతే.

డైరెక్టర్ గారి గదికి పరుగెత్తింది. ఈ ఒక్క పూటకు 'వద్దు' అన్న మాట మొదటి పేజీలో పెట్టనివ్వమని అడిగింది.

"మొదటి పుట మార్పు ఉపసంఘం పరిధిలోది కదమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. "ఉపసంఘం బుధవారం సమావేశమవుతుంది."

"గాలివాన ఈ రాత్రికొస్తుందండి."

"మీరు సమస్యను చిన్న చూపు చూస్తున్నారు. విశాల దృక్పథంతో ఆలోచించండి. వద్దని మొదటి పుటలోనే చెప్పేస్తే పాఠకుడు రెండో పుటకు ఎందుకు వస్తాడు?"

ఆయన మాటలో వెటకారం లేదు, దుర్మార్గం లేదు. నిజంగానే అడుగుతున్నారు. నూకరత్నానికి అక్కడే ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఇంకో ఐదు నిమిషాలు పోతాయని బయటికి వచ్చేసింది.

మావయ్యకు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. పొరుగు పడవ పోలారావుకు చేసింది, అతనిదీ ఎంగేజే. తర్వాత తెలిసింది, రేవులో అందరూ లంగరు దగ్గర ఇరుక్కుని, బయటపడదామని రద్దు దరఖాస్తు తీసి, అందులో చెప్పినట్టే సహాయవాణికి ఫోన్ చేసి, డైరెక్టర్ గారి రికార్డు సందేశం వింటూ నిలబడి ఉన్నారట. ఇన్ని నెలల శ్రమ తర్వాత పథకం ఆ పూట అక్షరాలా నెరవేరింది. కొత్తరేవు మొత్తం ఎంగేజ్.

ఆమె సగం రోజు సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి స్కూటీ తీసింది. తొమ్మిది మైళ్లూ ఎలా వెళ్లిందో గుర్తులేదు. రేవుకు చేరేసరికి నాలుగు కావొస్తోంది. కొన్ని పడవలు అప్పటికే నీళ్లలోకి సగం దిగాయి. లోవరాజు ఒక చేత్తో పడవ అంచు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, సముద్రాన్ని కాకుండా ఫోనును తిడుతున్నాడు.

"ఏటే రత్నం, మీ వోళ్లకేటన్నా అయిందా? ఎల్లొచ్చా వద్దా అనడిగితే ఇద్దరు సాచ్చుల్ని సెప్పమంటందేటే? ఇంక నావల్ల కాదు, పోతన్నాను."

చేపల వేలం షెడ్డు గోడకు సముద్రం వైపు ఒక నల్లబోర్డు ఉంది. ఎప్పుడో వేలం ధరలు రాసేవాళ్లు. నూకరత్నం దాన్ని చీరకొంగుతో తుడిచి, సుద్దముక్క అడ్డంగా పట్టుకుని, బోర్డు పట్టినంత పెద్దగా రాసింది. వద్దు. అలవాటు చొప్పున కింద తేదీ వేసి సంతకం పెట్టింది.

లోవరాజు తలెత్తి చూశాడు. ఫోను సంచిలో చుట్టి మొలలో దోపుకుని, పడవ వెనక్కి లాగడానికి భుజం పెట్టాడు. అది చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి ఇంకొంతమంది. అరగంటలో పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఆ రాత్రి వచ్చిన గాలికి వేలం షెడ్డు రేకులు మూడు లేచిపోయాయి. మనుషులందరూ ఇళ్లలో ఉన్నారు.

ఫోన్లు మాత్రం వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. రద్దు దరఖాస్తు ఆమోదం పొందలేదు కదా. ఫోను పూర్తిగా కట్టేస్తే తప్ప ఆ పేజీ వదలదు, గాలివాన రాత్రి ఫోను కట్టేసుకునే జాలరి ఎవడూ ఉండడు. ఎనభై మూడు ఫోన్లు చార్జింగ్ అయిపోయేదాకా అలాగే ఉన్నాయి. మర్నాడు అంకెలు చూసిన డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక్కొక్క పాఠకుడూ సగటున తొమ్మిది గంటల నలభై నిమిషాలు. దేశంలో ఏ వెబ్‌సైట్‌కూ లేదని చెప్పుకున్నారు. రాజధానినుంచి అభినందన లేఖ వచ్చింది, దాని వెనకే జ్ఞాపిక వచ్చింది.

సన్మాన సభ పెట్టారు. డైరెక్టర్ గారు ముప్పావుగంట మాట్లాడారు. అంత గాలివానలో ఒక్క ప్రాణం కూడా పోకపోవడానికి కారణమేమిటో సభకు విప్పి చెప్పారు. "ఆ రాత్రి పాఠకుడు మనతో ఉన్నాడు. మనతో ఉన్నాడు కాబట్టే సముద్రంలో లేడు." చప్పట్లు చాలాసేపు మోగాయి. వెనక వరసలో కూర్చున్న నూకరత్నం చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఇది కూడా పక్క సీటు ఆయన రాసుకున్నాడు.

అందరికంటే ఎక్కువసేపు ఉన్న పాఠకుడిగా లోవరాజును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. పది గంటల ఐదు నిమిషాలు. అంతసేపు ఏమేం చదివారో, ఏ అంశం ఆకట్టుకుందో రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. లోవరాజు మైకును చేపను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నానేటీ సదవలేదు బాబూ. బయటికి దారి దొరకలేదు."

డైరెక్టర్ గారే ముందుగా చప్పట్లు కొట్టారు. పాఠకుడు మన నుంచి బయటపడలేకపోతున్నానని స్వయంగా ప్రకటించాడని, ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంటుందని ఆయన అన్నారు. లోవరాజు చెప్పిన ఆ వాక్యాన్ని పటం కట్టించి ఆఫీసు గుమ్మం మీద పెట్టారు.

జ్ఞాపిక వచ్చిన వారానికి నూకరత్నానికి మెమో వచ్చింది. ఆమోదం లేని మాధ్యమంలో, అనగా నల్లబోర్డు మీద, సంస్థ సమాచారాన్ని బహిరంగపరచడం ఒక తప్పు. అలా బహిరంగపరచిన సమాచారాన్ని పాఠకులు ఒక్క సెకనులో చదివి వెళ్లిపోయేట్టు చేసి, సంస్థ సగటును దెబ్బతీయ ప్రయత్నించడం రెండో తప్పు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. నూకరత్నం ఒక్క వాక్యంలో ఇచ్చింది. 'మా నాన్నకు ఆ ఒక్క సెకను ఎవరూ ఇవ్వలేదు' అని రాసి సంతకం పెట్టింది. సంజాయిషీ నిర్ణీత నమూనాలో లేదని దాన్ని వెనక్కి పంపారు.

ఆమె మాత్రం మానలేదు. రోజూ భోజన విరామంలో స్కూటీ మీద రేవుకు వెళ్లి, బోర్డు తుడిచి, ఆ పూట మాట రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి వచ్చేది. అన్నం డబ్బా ఎల్లయమ్మ గడప మీద తినేది. ఉద్యోగం పోతే పోనీ అని ఒకరోజు, పోతే ఎలా అని ఇంకోరోజు అనుకుంటూ ఉండేది. ధైర్యవంతులు కూడా రోజూ ధైర్యంగా ఉండరు.

బోర్డు సంగతి మళ్లీ ఉపసంఘానికి వెళ్లింది. తీసేద్దామంటే జాలర్లు ఊరుకోరు. ఉంచుదామంటే ఒక్క సెకను సగటు. చివరికి మధ్యేమార్గం దొరికింది. బోర్డును కూడా సులభ నౌకాయాన పథకంలోకి తీసుకుని, దానికి ఒకదాని మీద ఒకటిగా మూడు జతల తలుపులు బిగించాలి. మొదటి తలుపు మీద సంస్థ పరిచయం, రెండోదాని మీద డైరెక్టర్ గారి సందేశం, మూడోదాని మీద ఆవిర్భావ చరిత్ర. వాటన్నిటినీ తెరుచుకుంటూ వెళ్లిన పాఠకుడికి చివర్లో కబురు కనపడుతుంది. పని ఆదేశం ఇచ్చి వడ్రంగి వీరభద్రాన్ని పంపారు.

ఆ ఆదేశం నకలు నూకరత్నం బల్ల మీదికి వచ్చింది. చదివి, మడిచి, సొరుగులో పెట్టింది. ఆ పూట వాతావరణ కేంద్రం కబురు బాగోలేదు. బోర్డు మీద రాయవలసింది రాయడానికి ఇదే ఆఖరి రోజనుకుంటూ రేవుకు వెళ్లింది. ఎప్పటికంటే పెద్దగా, నిదానంగా రాసింది. తేదీ వేసింది. సంతకం పెట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా ఆఫీసుకు వచ్చేసి, వీరభద్రం సుత్తి ఈపాటికి మోగుతూ ఉంటుందనుకుంటూ కూర్చుంది.

నాలుగున్నరకు వీరభద్రం ఆఫీసుకు వచ్చాడు. సామాన్ల సంచి భుజానే ఉంది. తలుపుల చెక్కలు బయట ఆటోలో ఉన్నాయి, ఎలా తీసుకెళ్లినవి అలాగే. అతన్ని డైరెక్టర్ గారి గదిలోకి పంపారు. ఏదో సంతకం పనిమీద నూకరత్నం కూడా అక్కడే నిలబడి ఉంది.

"పని అయిందా?" అన్నారు డైరెక్టర్ గారు.

"లేదండి. ఎల్లేనండి. మీ ఆఫీసోళ్లే వద్దని రాసేరండి. ఇంతింత అచ్చరాలు. కింద ఇయ్యాల్టి తేదీ ఉంది, సంతకం ఉంది. మరి వద్దన్నాక నేనెలా బిగిత్తానండి? వచ్చేసేను."

డైరెక్టర్ గారు ఆదేశం కాగితం చూశారు, వీరభద్రాన్ని చూశారు, నూకరత్నాన్ని చూశారు. తేదీ ఉంది. సంతకం ఉంది. రాతపూర్వకంగా ఉంది. ముందు ఇచ్చిన ఆదేశం, తర్వాత ఇచ్చిన ఆదేశం రెండూ ఉంటే తర్వాత ఇచ్చిందే చెల్లుతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఎన్నో ఫైళ్లు ఆపారు గానీ, రెండక్షరాలతో ఆగిన ఫైలును చూడటం ఇదే మొదలు. నోటికి అలవాటైన ప్రశ్నే వేశారు.

"అక్కడ ఎంతసేపు ఉన్నావు?"

వీరభద్రం సామాన్ల సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఎంతసేపేటండీ, సదివినంతసేపేనండి."